‘ట్వింకిల్ ట్వింకిల్’ను సరిగమలతో కీబోర్డుపై వాయించడం ఎలా?

మన పిల్లలు బడిలో నేర్చుకునే తొలి పాటల్లో ఒకటైన ‘ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్’ బాణీ ఇంగ్లండుది కాదు. ఆ బాణీ 1761లో ఫ్రాన్సులో అచ్చయింది. నక్షత్రాన్ని గురించి జేన్ టేలర్ రాసిన పద్యం 1806లో వెలువడి, తరువాత దానికి జతపడింది. సరిగమలు తెలిసినవారు దీన్ని ఒక్క సాయంత్రంలో పట్టుకోవచ్చు.

కీబోర్డుపై నల్ల మెట్లు రెండు జంటగా ఉన్నచోట, వాటిలో మొదటిదానికి ఎడమపక్కనే ఉన్న తెల్ల మెట్టును షడ్జమంగా (స) తీసుకుంటే, ఈ పాటలో నల్ల మెట్టు ముట్టుకునే పని పడదు.

స స ప ప ద ద పా
మ మ గ గ రి రి సా
ప ప మ మ గ గ రీ (రెండుసార్లు)

ఆ తరువాత మొదటి రెండు పాదాలను మళ్లీ వాయిస్తే పాట పూర్తవుతుంది. పాదంలో ఏడు స్వరాలే ఉన్నా, చివరిదాన్ని రెండు లెక్కలు నిలపాలి కనుక ఎనిమిది లెక్కల ఆదితాళంలో పాదానికి ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) చొప్పున సరిపోతుంది.

చిక్కు వేళ్ల దగ్గరే వస్తుంది, ఎందుకంటే స్వరాలు ఆరు, వేళ్లు ఐదు. కుడిచేతి బొటనవేలిని షడ్జమం మీద, ఉంగరపు వేలిని పంచమం (ప) మీద, చిటికెన వేలిని ధైవతం (ద) మీద ఉంచి మొదటి పాదం వాయించాలి. చివరి పంచమం నిలిచి ఉన్న ఆ రెండు లెక్కల వ్యవధిలోనే చేతిని ఒక మెట్టు ఎడమకు జరిపి, మధ్యమాన్ని (మ) అదే ఉంగరపు వేలితో అందుకుంటే, మిగిలినవన్నీ వాటంతట అవే వేళ్ల కిందికి వస్తాయి. తొందరపడి ఆ పంచమాన్ని మధ్యలో తుంచేయడమే కొత్తవారందరూ చేసే పొరపాటు.

కర్ణాటక సంగీతం నేర్చినవారు గాంధార, మధ్యమాలను అలవాటుగా ఊపుతారు. ఇక్కడ ఆ ఊపులు, అంటే గమకాలు, వద్దు, స్వరం నిటారుగా నిలవాలి. నిషాదం (ని) ఒక్కసారైనా రాదు కనుక, ఆ ఒక్క స్వరంలోనే తేడా ఉన్న రాగాల్లో ఇది శంకరాభరణమా, హరికాంభోజా అని వాదించుకునే వీలు కూడా ఉంది! కర్ణాటక వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు ఈ బాణీకే సంస్కృత సాహిత్యం కూర్చిన ‘శ్యామలే మీనాక్షి’ నొట్టుస్వరాన్ని (పాశ్చాత్య బాణీలో కట్టిన పాటను) మాత్రం శంకరాభరణంలోనే పాడుతారు. చెయ్యి కుదిరాక, కుడిచేత్తో బాణీ వాయిస్తూ ఆ సాహిత్యాన్ని గొంతుతో కలిపి చూడండి.