భూమి పక్కగా పోయే వ్యోమనౌకను చూడటం – 3వ పాఠం: మన ఊరి పట్టిక

ఆకాశంలో ఏది ఏ వేళకు ఎక్కడుంటుందో పట్టిక వేసిచ్చే వెబ్‌సైట్ హొరైజన్స్, నాసా పరిశోధన కేంద్రం జేపీఎల్ వారిది. పోయిన పాఠంలో అందులో గురుడి దగ్గరికి పోయే యూరప్ వ్యోమనౌక జూస్‌ను నంబరుతో వెతికాం: మైనస్ 28. వ్యోమనౌకల నంబర్లన్నీ మైనస్‌తోనే ఉంటాయి, ఆ గుర్తు వదిలేయకండి.

ఈసారి పని, మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో చెప్పడం. ఏమీ మార్చకపోతే హొరైజన్స్ మనల్ని భూమి నడిబొడ్డున కూర్చోబెట్టి లెక్క కడుతుంది. గురుడికో శనికో అయితే ఆ తేడా లెక్కలోకి రాదు. దగ్గరగా పోయే నౌక విషయంలో అదే కొంప ముంచుతుంది. పోనీ హైదరాబాద్ పట్టికతో సరిపెట్టుకుందామా? ఒడిశాలోని మన పర్లాకిమిడికి హైదరాబాద్ సుమారు 600 కిలోమీటర్లు. నౌక 20,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆకాశంలో దాని చోటు ఒకటిన్నర డిగ్రీ పైనే జరగొచ్చు. అంటే మూడు నిండు చందమామల వెడల్పు. ఇక టెలిస్కోపులో ఏం దొరుకుతుంది!

పర్లాకిమిడి వాళ్ళు తూర్పు రేఖాంశం 84.09, ఉత్తర అక్షాంశం 18.78 ఇవ్వండి. ఎత్తు 145 మీటర్లు. కానీ ఆ గడి కిలోమీటర్లలో అడుగుతుంది కాబట్టి 0.145 అని కొట్టాలి. ఉత్త 145 కొడితే మీరు అంతరిక్షంలో నిలబడి చూస్తున్నట్టే. రాయగడ, గుణుపురం వాళ్ళు మీ అంకెలు ఫోన్ మ్యాప్‌లో చూసుకోండి.

టైమ్ యూటీలో, అంటే గ్రీనిచ్ లెక్కన ఉండే ప్రపంచ సమయంలో వస్తుంది. మన టైమ్ కావాలంటే 5:30 కలపాలి. జూస్ 2024 ఆగస్టు 20న 21:56 యూటీకి 6,840 కిలోమీటర్ల ఎత్తులో భూమిని దాటింది. మన గడియారంలో అది 21 తెల్లవారుజామున 3:26. తేదీయే మారిపోయింది!

ఇక అభ్యాసం. ఆగస్టు 20, 18:00 నుంచి 23:00 యూటీ దాకా పది నిమిషాలకో వరుస చొప్పున అజిముత్ (ఏ దిక్కున ఉందో), ఎలివేషన్ (దిగంతం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉందో) తీయండి. అజిముత్ 0 అంటే ఉత్తరం, 90 తూర్పు. ఎలివేషన్ మైనస్‌లో ఉంటే నౌక దిగంతం కింద ఉన్నట్టు. టైమ్ పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే పగలు, ‘ఎం’ (m) ఉంటే చందమామ పైనున్నట్టు. అది రాఖీ పున్నమి మర్నాటి రాత్రి, ‘ఎం’ వదలదు.

మహేంద్రగిరి కొండ అడ్డొస్తుందేమోనని బెంగ వద్దు. పట్టణం నుంచి దాని ఎత్తు రెండు డిగ్రీలే, పక్కింటి డాబా అంతకన్నా ఎక్కువ అడ్డం.

జరగబోయే దాటింపులకైతే పాత పట్టిక నమ్మకండి, ఆ వారంలోనే మళ్ళీ తీయండి. ఇంజన్ కాస్త మండించినా దారి మారుతుంది.

ఎలివేషన్ అన్నిటికన్నా ఎక్కువున్న వరుస మన టైమ్‌లో రాసిపెట్టుకోండి. నౌక ఎంత వెలుగుతుందో మాత్రం ఈ పట్టిక చెప్పదు, వెలుగు గడిలో అంకె ఉండదు. దాని సంగతి 4వ పాఠంలో.