మన ఊరి దారి, మన మాట – 3వ పాఠం: వీధిలో అనుకున్నది తీర్మానంలోకి ఎక్కించడం

రెండో పాఠం చివర ఇచ్చిన పని చేశారు కదా? ఒక పనిరోజు తెల్లవారి నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిదిదాకా ఊరి మొగలో కూర్చొని, ఎవరు ఏ వేళకి ఎటు వెళ్లారో, దేనిమీద వెళ్లారో రాయమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఊరికి బస్సు కావాలని గ్రామసభలో తీర్మానం ఎలా చేయించాలో చెప్పే ఈ పాఠమంతా దానిమీదే నడుస్తుంది.

మొదటి పాఠం తప్పినవాళ్ల కోసం ఒక్క మాట. ముందు మీ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. కిలోమీటరు రాయి తల పసుపు రంగైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నారింజ రంగైతే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో వేసిన పల్లె రోడ్డు. ఇచ్ఛాపురం నుంచి రణస్థలందాకా శ్రీకాకుళం జిల్లా పొడుగునా పోయే 16వ నంబరు రహదారి పంచాయతీ చేతిలో లేదు. అక్కడ స్పీడ్ బ్రేకర్ వెయ్యమని సర్పంచ్‌ని పట్టుకుంటే ఆయన చెయ్యగలిగిందేమీ ఉండదు. ఆ పని కలెక్టరు అధ్యక్షతన నడిచే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందుకు వెళ్లాలి. బస్సు సంగతి అలా కాదు. బస్సు కావాలన్న మాట పుట్టాల్సింది మన వీధిలోనే.

మా ఊరి పదింటి బస్సు

మా ఊరు నాగావళి ఒడ్డున ఉంటుంది. చాలా ఏళ్ల కిందట మేం బస్సు కోసం అర్జీ పెట్టాం. రామకోవెల అరుగు మీద పదిమందిమి కూర్చొని రాసి, రెండు రోజులు ఊరంతా తిరిగి సంతకాలు చేయించి, డిపోలో ఇచ్చి వచ్చాం. అర్జీలో ఉన్నది ఒకటే వాక్యం: మా గ్రామానికి ఉదయం పూట బస్సు వెయ్యవలసింది. వేశారు కూడా! ఉదయం పదీ ఇరవైకి వచ్చేది. మొదటి రోజు కొబ్బరికాయ కొట్టి, డ్రైవరుకి దండ వేశాం. నాలుగు నెలలు తిరక్కుండానే ఆపేశారు. డిపో మీద నాకు చాలా కోపం వచ్చింది.

ఆ కోపం తప్పని నాకు తెలిసింది మా వీధిలో కూరగాయలమ్మే చిన్నమ్మ వల్ల. ఆవిడ తెల్లవారకముందే వంకాయల గంప నెత్తినెట్టుకొని శ్రీకాకుళం మార్కెట్టుకి వెళ్లే మనిషి. బస్సు ఆగిపోయింది చిన్నమ్మా అని బాధపడుతూ చెప్తే, ఆవిడకి ఏమీ అనిపించలేదు. "పదింటికి బస్సేస్తే మాకేటి లాభం బావూ? ఆ యేలకి మేం సరుకమ్మేసి ఇంటికొచ్చెస్తాం. మమ్మల్నెవులడిగారు?" అంది.

నిజమే, ఎవరూ అడగలేదు. అరుగు మీద కూర్చున్న పదిమందిలో ఒక్క ఆడమనిషి లేదు, కాలేజీకి పోయే పిల్ల లేదు, కూలికి పోయే మనిషి లేడు. మేమంతా పదింటికి మండలాఫీసుకో, బ్యాంకుకో పోయే మగవాళ్లం. బస్సు ఏ వేళకి కావాలో అర్జీలో రాయాలని కూడా మాకు తోచలేదు. సంతకం పెట్టిన రెండువందల మందిలో ఎంతమంది ఆ కాగితం చదివి ఉంటారో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఈ పాఠం నేను రాయడానికి ఆ చిన్నమ్మ అడిగిన ప్రశ్నే కారణం.

ముందు వీధులు, తర్వాత సభ

గ్రామసభ ఎవరిది? పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరిదీ. రాజ్యాంగం 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఆ మాట చట్టంలోనే ఉంది, 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టంలోనూ ఉంది. పాలకవర్గ సమావేశం వేరు, గ్రామసభ వేరు. మొదటిది సర్పంచ్, వార్డు మెంబర్లది. రెండోదానిలో మీరు సభ్యులు, పిలిస్తే వచ్చే ప్రేక్షకులు కాదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినప్పుడు చాలా ఊళ్లలో జనం మొదటిసారి ఆ తేడా గమనించారు.

కానీ ఓటర్ల జాబితాలో ఒక చిక్కుంది, గమనించండి. ఇంటర్ చదివే పదహారేళ్ల పిల్లకి ఓటు లేదు. నిరుడు కోడలిగా వచ్చిన అమ్మాయి ఓటు ఇంకా కన్నవారి ఊళ్లోనే ఉండొచ్చు. బస్సు అందరికంటే ఎక్కువ కావలసినవాళ్లు వీళ్లే, సభలో లెక్కకి రానివాళ్లూ వీళ్లే. అందుకే సభకి పదిహేను రోజుల ముందు వీధుల్లో కూర్చోవాలి.

అందరినీ ఒకచోటికి పిలవకండి. పిలిస్తే మళ్లీ అరుగు మీద మగవాళ్లే మాట్లాడతారు. మీరే వెళ్లండి. పొదుపు సంఘం వాళ్లు నెలవారీ కూర్చునే రోజున ఒక అరగంట అడగండి. ఎస్సీ కాలనీకి, ఊరి చివరి పాకలకి విడిగా వెళ్లండి. అక్కడివాళ్లు ఊరి మధ్యకొచ్చి మనసులో మాట చెప్తారని ఎదురు చూడకండి. పిల్లల దగ్గరికి సాయంత్రం, వాళ్లు ఆటో దిగే చోటికి పోవాలి. ఇంట్లో అడిగితే తల్లిదండ్రులు జవాబు చెప్పేస్తారు.

ఏం అడగాలన్నదే అసలు నేర్పు. "మీకు బస్సు కావాలా?" అంటే వద్దనేవాళ్లుండరు, దానివల్ల మనకి తెలిసేదీ ఏమీ ఉండదు. నిన్న ఎక్కడికి వెళ్లారు, ఎన్నింటికి బయల్దేరారు, ఎంత ఇచ్చారు, తిరిగి ఎన్నింటికి వచ్చారు, ఈ నాలుగూ అడగండి. తర్వాత ఇంకొకటి, మెల్లిగా: వెళ్లాల్సి ఉండి బండి లేక మానేసిన రోజు ఈ నెలలో ఉందా? రెండో పాఠంలో మీరు రాసిన లెక్కలో బయల్దేరినవాళ్లే పడ్డారు, ఆగిపోయినవాళ్లు పడలేదు. రిమ్స్‌లో చూపించుకోవడానికి వారం ఆగిన ముసలాయన, ఆఖరి బస్సు అందదని ట్యూషన్ మానిన పిల్ల, వీళ్లు ఈ ప్రశ్నకి గాని బయటపడరు.

ఆటో నడిపే కుర్రాళ్ల దగ్గరికి కూడా వెళ్లండి. చాలామంది ఈ పని చెయ్యరు, తర్వాత సభలో గొడవవుతుంది. వాళ్లూ మన పిల్లలే, బండి మీద ఫైనాన్స్ కడుతున్నవాళ్లే. బస్సు వస్తే ఏ ట్రిప్పు పోతుంది, ఏది మిగులుతుంది అని వాళ్లతోనే కూర్చొని రాయండి. బస్సు మధ్యలో లేని వేళల్లో, మెయిన్ రోడ్డు దాకా, పక్క ఊళ్లకి ఆటోలే దిక్కు. ఆ మాట ముందే తేలితే సభలో వాళ్లు అడ్డం నిలబడరు.

ఓఆర్ అంటే భయపడకండి

డిపోకి వెళ్లగానే వినిపించే మాట "ఓఆర్ రాదండీ". సీట్లు ఎంతవరకు నిండాయన్న లెక్క అది. ఒక ఉదాహరణ కడదాం. ఊరి నుంచి పట్నానికి 20 కిలోమీటర్లు, బస్సులో 50 సీట్లు అనుకోండి. రెండూ హెచ్చిస్తే 1,000 సీటు-కిలోమీటర్లు. మీ ఊళ్లో ఎక్కి చివరిదాకా వెళ్లేవాళ్లు 25 మంది, అంటే 500. సగం దారిలో ఎక్కేవాళ్లు ఇంకో 20 మంది, ఒక్కొక్కరికి 10 కిలోమీటర్లు, అంటే 200. మొత్తం 700. వెయ్యికి ఏడువందలు, అంటే ఓఆర్ 70 శాతం. మీ కాగితంలో ఉన్న అంకెలతో వేళవారీగా ఇదే లెక్క కట్టండి. ఐదింటికి ఎంత, ఏడున్నరకి ఎంత, పదింటికి ఎంత వస్తుందో చూస్తే, మా పదింటి బస్సు ఎందుకు నిలవలేదో మీకే అర్థమవుతుంది.

దారిలో ఊళ్లని వదలకండి. ఒక్క ఊరు అడిగితే రాని ఓఆర్, మూడు పంచాయతీలు కలిసి ఒకే వేళకి అడిగితే వస్తుంది.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఛార్జీ లేదు. ఛార్జీ లేదు గాని టిక్కెట్టు ఉంది. సున్నా టిక్కెట్టు తప్పకుండా తీసుకోమని ప్రతి వీధిలోనూ చెప్పండి. ఆ టిక్కెట్టు కొట్టకపోతే ఎక్కిన మనిషి లెక్కలో లేనట్టే, మన రూటు ఖాళీగా నడిచినట్టే కనిపిస్తుంది.

తీర్మానం రాయడం

సాధారణంగా మినిట్స్ బుక్కులో కనిపించేది ఇలా ఉంటుంది: "మా గ్రామమునకు బస్సు సౌకర్యము కల్పించవలసినదిగా కోరుచూ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." వినడానికి బాగుంది. దీన్ని చదివిన డిపో మేనేజరు ఏం చెయ్యాలి? ఎన్నింటికి, ఎక్కడికి, ఎంతమందికి? ఏదీ లేదు. ఫైల్లో పెట్టేస్తారు.

ఇప్పుడు ఇది చూడండి:

"తేది … న సర్పంచ్ గారి అధ్యక్షతన జరిగిన గ్రామసభలో బస్సు విషయము చర్చించడమైనది. వీధివారీ లెక్క ప్రకారము ఉదయం 5 గంటల వేళ … మంది, 7.30 వేళ … మంది శ్రీకాకుళం వెళ్లుచున్నారు (లెక్క జతపరచడమైనది). కావున ఉదయం 5.00, 7.20 గంటలకు గ్రామము నుండియు, సాయంత్రం 4.50, రాత్రి 8.00 గంటలకు ఆర్టీసీ కాంప్లెక్సు నుండియు సర్వీసు నడపవలసినదిగాను, రాత్రి సర్వీసు గ్రామములో నైట్ హాల్ట్ చేయవలసినదిగాను కోరడమైనది. సిబ్బంది బసకు పంచాయతీ భవనములో గది, మంచినీరు, మరుగుదొడ్డి వసతి పంచాయతీ కల్పించును. చెరువుగట్టు వద్ద బస్సు తిరుగుటకు స్థలము చదును చేయించి, దారిలోని చెట్ల కొమ్మలు తొలగించును. ప్రతిపాదించినవారు … బలపరచినవారు … ఏకగ్రీవముగా ఆమోదించడమైనది."

ఈ రెంటికీ ముఖ్యమైన తేడా చివరి వాక్యాల్లో ఉంది. రెండోదానిలో మనం ఏం చేస్తామో కూడా రాశాం. ఐదింటి బస్సు కావాలంటే ఆ బస్సు రాత్రి మన ఊళ్లోనే పడుకోవాలి, లేకపోతే డిపో నుంచి ఖాళీగా అంతదూరం రావాలి. పగలంతా బండి నడిపిన డ్రైవరు, కండక్టరు దోమల్లో అరుగు మీద పడుకొని నాలుగున్నరకి లేచి ఎన్నాళ్లు నడుపుతారు? నైట్ హాల్ట్ అడిగే ఊరు ముందు గది చూపించాలి. దీన్ని నేను మర్యాద కోసం చెప్పడం లేదు. సర్వీసు నిలబడడానికి ఇదే గట్టి కారణమవుతుంది.

మన వల్ల కానిది మాత్రం రాయకండి. కరెంటు తీగలు కిందికి వేలాడితే అది విద్యుత్ శాఖ పని, కల్వర్టు కుంగితే ఆ రోడ్డు ఎవరిదో వాళ్ల పని. ఒక్కోదానికి విడిగా తీర్మానం నంబరు వేయించండి. అన్నీ ఒకే తీర్మానంలో కుక్కితే ప్రతి ఆఫీసూ పక్క ఆఫీసు వైపు చూస్తుంది.

సభ రోజు

అజెండాలో మీ విషయం ఉందో లేదో ముందే పంచాయతీ కార్యదర్శిని అడిగి, లేకపోతే కాగితం మీద ఇచ్చి చేర్పించండి. "ఇతర విషయాలు" దాకా ఆగితే అప్పటికి సగం జనం లేచిపోతారు. చిన్నమ్మ లాంటి ఒక మనిషి చేత రెండు నిమిషాలు మాట్లాడించండి. ఆవిడ భాషలోనే, ఆవిడ చెప్పినట్టే చెప్పనివ్వండి, మధ్యలో సర్దకండి. అంకెలు మీరు చదవండి.

తీర్మానం పుస్తకంలో రాయడం అయ్యాక, సంతకాలకి ముందు, పైకి చదవమని అడగండి. గంట గంటన్నర మాట్లాడింది పుస్తకంలో ఒక్క ముక్కగా మిగిలిపోవడం నేను చాలాసార్లు చూశాను. వేళలు పడ్డాయా, అంకెలు పడ్డాయా అని చెవి పెట్టి వినండి. ఖాళీ పేజీ మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం పెట్టకండి.

నకలు ఆ వారంలోనే తీసుకోండి. ఒకటి డిపో మేనేజరుకి, ఒకటి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో. రెండు చోట్లా రసీదు తీసుకోండి. నకలు ఇవ్వడానికి జాప్యం చేస్తే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకి రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు.

పట్నంలో ఉండి ఈ పాఠాలు చదువుతున్నవాళ్లకి కొద్దిగా చెప్తాను. రాజ్యాంగంలో వార్డు కమిటీలు తప్పనిసరి అన్నది 3 లక్షల జనాభా, ఆపైన ఉన్న పురపాలికలకే. 2011 లెక్కల్లో విజయనగరంగాని శ్రీకాకుళంగాని ఆ గీత దాటలేదు. అయినా వార్డు సచివాలయం ఉంది, అక్కడ రసీదుతో అర్జీ ఇవ్వొచ్చు. విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గరైనా ఆటో స్టాండు ఎక్కడుండాలి, రోడ్డు దాటే చోటు ఎక్కడుండాలి అన్న మాటకి ముందు తోపుడుబండి వాళ్లని, స్కూలు పిల్లల్ని అడగండి. పైన పల్లెకి చెప్పిన ప్రశ్నలే అక్కడా పనికొస్తాయి.

ఈ వారం పని

మీ వీధిలో మీరు ఎప్పుడూ బస్సు గురించి మాట్లాడని ఐదుగురిని వెతికి, నిన్నటి ప్రయాణం అడిగి రాయండి. ఐదుగురిలో కనీసం ముగ్గురు ఆడవాళ్లు, ఒకరు పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు ఉండాలి. తర్వాత మీ ఊరి తీర్మానాన్ని పైన చూపిన పద్ధతిలో ఒక పేజీకి మించకుండా రాసి, ఆ ఐదుగురికీ చదివి వినిపించండి. వాళ్లలో ఎవరైనా "నాను సెప్పిందిది కాదు" అంటే ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాయండి.

నాలుగో పాఠంలో రూట్ సర్వేకి అధికారులు వచ్చే రోజు మనం ఏం చూపించాలో చూద్దాం. ఈలోగా చెరువుగట్టు దగ్గర బస్సు తిరిగే చోటు వెడల్పు టేపు పెట్టి కొలిచి ఉంచండి.