ఆఫీసు మెయిల్లో రోజూ వచ్చిపడే ఫార్వర్డులు: మనిషిని నొప్పించకుండా ఆపే పద్ధతి

2024 సెప్టెంబరు 2, సోమవారం. విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగి రెండో రోజు. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద. ఆటోనగర్‌లో మా ఆఫీసు వాళ్లలో ఇద్దరి ఇళ్లు ఆ నీళ్లలో ఉన్నాయి. "ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో తెలిస్తే ఇంటి గుర్తులతో సహా రాయండి, పడవ వాళ్లతో మాట్లాడుతున్నాం" అని మేనేజరు గారు పొద్దున్నే స్టాఫ్ అందరికీ మెయిల్ పెట్టారు. నేను దాన్ని చూసేసరికి సాయంత్రమైంది. దాని మీద పదకొండు ఫార్వర్డులు పడి ఉన్నాయి. బ్యారేజీ కొట్టుకుపోతోందని ఒకటి, వరద తగ్గడానికి చదవాల్సిన స్తోత్రం ఒకటి, ఎక్కడిదో పాత వరద వీడియో ఇంకొకటి. అన్నీ ఒక్కరి దగ్గర్నుంచే. నాతోపాటు అకౌంట్స్‌లో చేసే అమ్మాయి, ఫోన్ ఆగిపోయే ముందు తన ఇంటి గుర్తులు చెప్పింది నాకే. నేను పొద్దున రాసి ఉంటే పడవ ఆరోజే వెళ్లేది. వాళ్లు క్షేమంగానే బయటపడ్డారు, కానీ పిల్లలతో మరో రాత్రి మేడ మీదే ఉన్నారు. అది నేనిప్పటికీ మర్చిపోలేదు.

ఆ మెయిల్స్ పంపేది మా స్టోర్స్‌లో పనిచేసే పెద్దాయన. బాబాయ్ గారూ అని పిలుస్తాం. రెండేళ్లపాటు నేను చేసిందల్లా లోలోపల విసుక్కుంటూ డిలీట్ కొట్టడమే. ఆ వరద తర్వాత ఒక పద్ధతి ప్రకారం ఈ సంగతి తేల్చుకున్నాను. మీ ఆఫీసులోనూ ఇలాంటివారు ఉంటే ఇది పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు, రిప్లై ఆల్ కొట్టకండి. "దయచేసి ఇలాంటివి పంపకండి" అని ఎంత మర్యాదగా రాసినా అది నలభై మంది ముందు ఒకరిని నిలబెట్టి అన్నట్టే. దానికి ఇంకొకరు "నిజమే" అంటారు, మరొకరు ఆయన్ని వెనకేసుకొస్తారు, మెయిల్స్ ఇంకా పెరుగుతాయి. 2016 నవంబరులో ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవలో ఒక టెస్ట్ మెయిల్ పొరపాటున 8 లక్షలకు పైగా ఉద్యోగులకు వెళ్లింది. "నన్ను ఈ లిస్టులోంచి తీసేయండి" అంటూ జనం రిప్లై ఆల్ కొట్టడంతో మెయిల్ వ్యవస్థే నత్తనడక పట్టింది.

తర్వాత మీ ఇన్‌బాక్స్ సంగతి చూసుకోండి. బ్లాక్ మాత్రం చేయొద్దు. జీమెయిల్లో బ్లాక్ చేస్తే ఆ మనిషి పంపినవన్నీ స్పామ్‌లోకి పోతాయి, 30 రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి. మా బాబాయ్ గారి ఫార్వర్డులతోపాటు ఆయన పంపే స్టాక్ స్టేట్‌మెంటూ పోతుంది, నెలాఖరులో లెక్క తేలదు. ఫిల్టర్ పెట్టుకోండి. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, పైన వెతికే గడికి కుడిచివర ఉన్న గుర్తు నొక్కితే చిన్న ఫారం వస్తుంది. ఫ్రమ్ దగ్గర ఆయన అడ్రస్, టూ దగ్గర స్టాఫ్ అందరి గ్రూప్ అడ్రస్ ఇవ్వండి. ఈ రెండూ కలిపి ఇవ్వడమే కీలకం. ఆయన మీకొక్కరికే పంపే పని మెయిల్స్ ఇన్‌బాక్స్‌కే వస్తాయి, అందరికీ పంపేవి మాత్రమే పక్కకు వెళ్తాయి. గ్రూపుకు కూడా అప్పుడప్పుడు పని సంగతులు పంపుతుంటే, డజంట్ హ్యావ్ అన్న గడిలో ఆ మెయిల్స్‌లో తప్పకుండా ఉండే మాట ఒకటి రాయండి. నేను స్టాక్ అని రాశాను. ఆపైన క్రియేట్ ఫిల్టర్ నొక్కి, స్కిప్ ది ఇన్‌బాక్స్, అప్లై ద లేబుల్ అనే రెండింటికి టిక్ పెట్టండి. డిలీట్‌కి పెట్టకండి. ఆ లేబుల్ వారానికోసారి తెరిచి చూసుకోవాలి. ఔట్‌లుక్ వాడేవాళ్లకు ఇదే పని రూల్స్ అనే చోట ఉంటుంది. అక్కడ ఇగ్నోర్ అనే బటన్ కూడా ఉంది, దాన్ని ముట్టుకోవద్దు. ఆ వరసలో ఇకమీదట వచ్చే మెయిల్స్ కూడా నేరుగా డిలీట్‌లోకే పోతాయి.

ఇంతవరకే అయితే నా ఒక్కదాని బాధ తీరుతుంది. మిగతా ముప్ఫై తొమ్మిది మంది సంగతి? అందుకే మాట్లాడాలి. ఇది అందరూ తప్పించుకునే పని, నేనూ నెల రోజులు తప్పించుకున్నాను.

మాట్లాడేది ఎదురుగా, ఒంటరిగా ఉన్నప్పుడు. పొద్దున్నే వద్దు, మనిషి పని హడావుడిలో ఉంటాడు. నేను మధ్యాహ్నం భోజనాలయ్యాక కింద గోడౌన్‌కి వెళ్లాను.

"బాబాయ్ గారూ, ఒక్క ఐదు నిమిషాలు."

"రామ్మా, కూర్చో. ఏంటి సంగతి?"

"దసరాకి మీరు పంపిన అమ్మవారి అలంకారాలు మా అమ్మకి రోజూ చూపించానండీ. బాలా త్రిపుర సుందరి నుంచి రాజరాజేశ్వరి దాకా ఒక్కటీ వదల్లేదు." ఇది నిజం కాబట్టి అన్నాను. నిజం కాని పొగడ్తతో మొదలుపెట్టకండి, మొహంలో తెలిసిపోతుంది. "కానీ ఆఫీసు మెయిల్లో వస్తుంటే పని మెయిల్స్ కిందికి పోతున్నాయండీ. వరదప్పుడు మేనేజరు గారి మెయిల్ నేను సాయంత్రం దాకా చూడలేకపోయాను." ఆ అమ్మాయి పడవ సంగతి చెప్పాను. ఆయనకి తెలియదు.

స్టోరేజీ లెక్క కూడా చెప్పాను. మావి ఫ్రీ అకౌంట్లు. ఒక్కోదానికి 15 జీబీ, డ్రైవ్, ఫోటోలతో కలిపి. 20 ఎంబీ వీడియోలు రోజుకి మూడు వస్తే 250 రోజుల్లో అకౌంట్ నిండిపోతుంది. నిండాక కొత్త మెయిల్స్ తిరిగెళ్లిపోతాయి. నెలనెలా 11న, 20న జీఎస్టీ రిటర్నులు వేసే సీటులో అది పెద్ద దెబ్బ. లెక్కల మనిషికి లెక్క చెప్తే బాధపడడు, అర్థం చేసుకుంటాడు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "పొద్దుట్నుంచి ఈ గోడౌన్లో ఒక్కణ్ణే ఉంటానమ్మా. మెయిల్ పెడితే పైన మీ అందరితో మాట్లాడినట్టు ఉండేది" అన్నారు. ఇది నేను ఊహించని మాట. వద్దు అని చెప్పడానికి వెళ్లేవాళ్లు, బదులుగా ఏం ఇస్తారో కూడా ఆలోచించుకుని వెళ్లాలని అక్కడ తెలుసుకున్నాను. అప్పటికప్పుడు వాట్సాప్‌లో ఒక గ్రూపు పెడదామన్నాను. ఇష్టమైనవాళ్లే చేరతారు, ఎవరినీ అడగకుండా చేర్చకూడదు. తొమ్మిది మంది చేరారు. మధ్యాహ్నం టీ కూడా ఇప్పుడు కిందే తాగుతున్నాం.

రెండు వారాలకు మళ్లీ ఒకటి గ్రూప్ మెయిల్‌కి వచ్చింది. అలవాటు ఒక్కసారికి పోదు. ఆయనకొక్కరికే "బాబాయ్ గారూ, ఇది వాట్సాప్ గ్రూపులో పెట్టండి, అక్కడ చూస్తాం" అని ఒక్క వాక్యం రాశాను, సరిపోయింది. మీ దగ్గర సరిపోకపోతే, గ్రూప్ అడ్రస్ చూసుకునేవారిని కలవండి. గూగుల్ గ్రూప్స్ అయితే ఎవరు పోస్ట్ చేయొచ్చన్న సెట్టింగు ఉంటుంది, దాన్ని గ్రూప్ నడిపే మేనేజర్లకే పరిమితం చేయొచ్చు. నియమం అందరికీ ఒకటే అవుతుంది, ఎవరి పేరూ పైకి రాదు.

ఈ పద్ధతి అన్ని మెయిల్స్‌కీ కాదు. మంగళగిరి వైపు ప్లాట్లు, చీటీలు అంటూ డబ్బు మెయిల్స్ వస్తే సీదా మేనేజరుకే చెప్పండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడం 2016 చట్టం ప్రకారం తప్పు. చీటీకి ముందస్తు అనుమతి ఉండాలని 1982 చట్టం చెప్తుంది. ఆఫీసు అడ్రస్ నుంచి వెళ్లిందంటే అది కంపెనీ మాటేనని కొత్తవాళ్లు నమ్ముతారు.

బూతు జోకులు, బొమ్మలు పంపేవాడితో మాత్రం ఒంటరిగా మాట్లాడటానికి వెళ్లకండి. డిలీట్ కూడా చేయకండి, అవే సాక్ష్యం. పదిమంది, అంతకు పైన పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు తెచ్చిన 2013 చట్టం చెప్తుంది. ఒక మహిళ అక్కడ మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. కమిటీ లేని చిన్న ఆఫీసైతే జిల్లా స్థాయి కమిటీకి ఇవ్వొచ్చు. తేదీ, సమయం కనిపించేలా ఆ మెయిల్స్‌ని ప్రింట్ తీసి ఇంట్లో కూడా ఒక కాపీ పెట్టుకోండి.