లెక్చరర్ మాట మనసులోంచి పోకపోతే: నా అనుభవం

ఇంటర్ రెండో సంవత్సరంలో గణితం లెక్చరర్ నా జవాబు పత్రం తరగతికంతా చూపిస్తూ, "ఈ తెలివికి ఎంపీసీ ఎందుకమ్మా, మీ నాన్న డబ్బు దండగ" అన్నారు. అప్పటినుంచి ఆయన పీరియడ్ అంటే కడుపులో తిప్పేది. పాఠం బదులు ఆ మాటే వినిపించేది.

వెనక బెంచీకి మారడం, స్నేహితురాళ్ల దగ్గర ఏడవడం, తరగతి ఎగ్గొట్టడం: ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు ఆయన మాటను అన్నది అన్నట్టే కాగితం మీద రాశాను. కింద గీత గీసి, మార్కులు నిజంగా ఎక్కడ పోయాయో చూశాను. నిశ్చిత సమాకలనంలో చలరాశి మార్చాక అవధులు మార్చలేదు, అంతే. దానికీ నాన్న డబ్బుకీ సంబంధం లేదు! గీతకు పైనున్నది ఆయన నోటి దురుసు, కిందున్నది నా పని.

సాయంత్రం స్టాఫ్ రూములో రద్దీ తగ్గాక వెళ్లి మొదట ఆ లెక్కే అడిగాను. ఓపిగ్గా చెప్పారు. అప్పుడన్నాను: "తప్పులు చెప్పండి సార్, దిద్దుకుంటాను. అందరి ముందు ఇంటి సంగతి ఎత్తితే పాఠం బుర్రకెక్కడం లేదు." ఆయన క్షమాపణ అడగలేదు. "సరేలే" అన్నారు. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. ఫిర్యాదుతో మొదలుపెడితే వినేవారు కాదేమో.

అందరికీ కుదురుతుందని చెప్పలేను. మా సార్ మాట కటువేగానీ మనిషి చెడ్డవారు కాదు. కొట్టేవారు, కులం ఎత్తేవారైతే ఒంటరిగా వెళ్లకండి. పెద్దవాళ్లతో ప్రిన్సిపాల్‌ను కలవండి. 18 ఏళ్లలోపు వారికి పిల్లల సహాయవాణి 1098 ఉంది. నిద్ర పట్టనంత బాధైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.