సంఘం కూడలేని ఆదివారం ప్రభువు బల్లకు సిద్ధపడడం ఎలా

2024 సెప్టెంబరు 1 ఆదివారం. నెలలో మొదటి ఆదివారం కావడంతో విజయవాడలోని అనేక సంఘాల్లో ఆ రోజు సంస్కారపు ఆరాధన, అంటే యేసు కడరాత్రి భోజనాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల, జరగవలసి ఉండగా, తెల్లవారేసరికి బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం వీధులను ముంచెత్తాయి. అంతకు నాలుగేళ్ల ముందు లాక్‌డౌన్‌లో ఏప్రిల్ 9న పవిత్ర గురువారం, 12న ఈస్టరు ఇళ్లలోనే గడిచాయి. ప్రార్థనాలయాలు తిరిగి తెరవడానికి జూన్ 8 నుంచి మాత్రమే అనుమతి వచ్చింది. అటువంటి వారాల్లో బల్ల విషయం ఎలా చూసుకోవాలో సంఘ పెద్దలకూ కుటుంబాలకూ ఉపయోగపడేలా ఇక్కడ వివరిస్తున్నాను.

రొట్టె, ద్రాక్షరసం సంగతి ఆలోచించకముందే మీ సంఘం ఈ విషయంలో ఏమి నమ్ముతుందో పాస్టరు గారిని అడిగి తెలుసుకోవాలి. కతోలిక విశ్వాసం ప్రకారం అభిషిక్త గురువు బలిపూజలో ప్రతిష్ఠించినదే సత్ప్రసాదం; టీవీ ముందు మనం పెట్టుకున్న రొట్టె సత్ప్రసాదం కాదు. కాబట్టి గుణదల నుంచి గానీ మరే గుడి నుంచి గానీ పూజను ప్రత్యక్ష ప్రసారంలో చూసే కతోలిక కుటుంబం పళ్లెం, గిన్నె సిద్ధం చేయవలసిన పని లేదు. పశ్చాత్తాప ప్రార్థన చేసి, సత్ప్రసాదం అందుకోవాలన్న కోరికను ప్రభువుకు విన్నవించుకునే ఆత్మీయ స్వీకరణ వారికి ఉంది. ఇది కరోనా నాడు పుట్టిన ఏర్పాటు కాదు. 16వ శతాబ్దంలో కతోలిక బిషప్పులు కూడిన ట్రెంట్ మహాసభే దాని గురించి బోధించింది. లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) సంఘాల్లో బల్లను నడిపించేది అభిషేకం పొందిన గురువే కనుక, ఫోను ద్వారా నడిపించవచ్చునా లేదా అన్నది అధ్యక్షుల, బిషప్పుల మాట ప్రకారం తేలాలి గానీ వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెట్టి తేల్చుకునేది కాదు. ప్రతి ఆదివారం రొట్టె విరిచే బ్రదరన్ కూడికల్లో అభిషిక్త గురువు అనే పదవి లేదు గనుక అక్కడ ప్రశ్న వేరు: ఒక్క కుటుంబం కూర్చుంటే దాన్ని కూడిక అనవచ్చునా? నా మట్టుకు, సందేహం ఉన్న సంఘం రెండు మూడు వారాలు ఆగడమే మేలనుకుంటాను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో పౌలు వారిని మందలించింది బల్లను ఆలస్యం చేసినందుకు కాదు, ఒకరి కోసం ఒకరు ఆగకుండా ఎవరికి వారు తినేసినందుకు.

ఇళ్లలో పుచ్చుకోవడానికి మీ సంఘం అనుమతిస్తే, శనివారం సాయంత్రమే అన్నీ సిద్ధం చేసుకోండి. ఒక గ్లాసు గోధుమపిండిని ఈస్టు గానీ సోడా గానీ కలపకుండా నీళ్లతో గట్టిగా తడిపి, చపాతీ కంటే కొంచెం మందంగా ఒత్తి, కాల్చే ముందే చాకుతో గళ్లుగా గీతలు పెట్టండి. అప్పుడు విరిచేటప్పుడు పొడిపొడిగా రాలదు. నూనె వేయకుండా సన్నని సెగ మీద కాల్చాలి. రసానికి అర కిలో నల్ల ద్రాక్షను కడిగి, అర గ్లాసు నీళ్లలో తొక్క విడే వరకు ఉడికించి, మెదిపి, పలుచని బట్టలో వడకట్టండి. పంచదార అక్కర్లేదు. బెజవాడ ఎండకు బయట ఉంచిన రసం త్వరగా పులుస్తుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. వరద రోజుల్లో లాగా కరెంటు లేకపోతే గుప్పెడు ఎండుద్రాక్షను రాత్రి నానబెట్టి ఉదయాన్నే పిండుకుంటే సరిపోతుంది. రంగు లేతగా ఉంటుంది, అంతే. రసానికి బదులు కూల్ డ్రింకు పోయడం మాత్రం నాకు సమ్మతం కాదు.

ప్రసారం విషయంలో ఒక జాగ్రత్త. జూమ్‌లో ఉచిత ఖాతాతో పెట్టిన కూడిక 40 నిమిషాలకు ఆగిపోతుంది. మా సంఘంలో మొదటిసారి ప్రసంగం సాగి సాగి, సరిగ్గా రొట్టె ఎత్తే సమయానికి తెర నల్లబడింది. అందరం పళ్లెం ముందు పెట్టుకుని కొత్త లింకు కోసం ఎదురుచూశాం. ప్రసంగాన్ని ముందుగా వేరే లింకులో ముగించి, బల్లకు కొత్తగా కలుసుకోండి. యూట్యూబు ప్రసారం ఇంటింటికీ కొన్ని సెకన్లు తేడాగా చేరుతుంది గనుక, గురువు మాట ముగిశాక కొంత మౌనం పాటించి అప్పుడు పుచ్చుకోమని ముందే చెప్పాలి. స్మార్టు ఫోను లేని అవ్వలనూ తాతలనూ ఒక పెద్ద తన ఫోనులోని కాన్ఫరెన్సు కాల్‌లో కలుపుకోవాలి. ఈ పనికి ఎవరు ఎవరిని కలపాలో రాసిన చీటీ శనివారమే తయారు కావాలి. అసలు శ్రమంతా ఇక్కడే ఉంటుంది.

బల్ల మీద ఉతికిన తెల్లగుడ్డ పరచి, టీ కప్పులూ పత్రికలూ తీసేయండి. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ (బాప్తిస్మం పొందినవారు తమ విశ్వాసాన్ని స్థిరపరచుకునే ఆచారం) విషయంలో గుడిలో ఏ క్రమం ఉందో ఇంట్లోనూ అదే పాటించాలి. ఇంకా బల్లలో పాలు లేని పిల్లలు అడిగితే వారి కోసం ప్రార్థన చేయండి. మిగిలిన రొట్టె, రసం అక్కడే పుచ్చుకుని ముగించాలి, చెత్తబుట్టలో వేయకూడదు.

మళ్లీ గుడి తెరిచాక చీటీని పక్కన పడేయకండి. రాలేనివారికి డీకన్లు (సంఘ పరిచారకులు) బల్లలోని భాగాన్ని తీసుకెళ్లేవారని రెండవ శతాబ్దంలోనే క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్ రాశారు. మంచం పట్టినవారి ఇంటికి పాస్టరు గారు ఏ రోజు వస్తారో ముందుగా ఫోను చేసి చెప్పండి. మింగలేని స్థితిలో ఉన్నవారికి గోరంత ముక్కను రసంలో తడిపి పెదవులకు తాకిస్తే చాలు. పక్కన నీళ్ల గ్లాసు, ఒక చెంచా, తుడవడానికి మెత్తని గుడ్డ పెట్టమని ఇంటివారికి ఆ ఫోనులోనే చెప్పండి.