మూసీలో మురుగు ఎక్కడ కలుస్తోంది? నీటి పరీక్షలతో ఆరా తీసే పద్ధతి

మూసీ కలుషితమైందని చెప్పడానికి ఏ పరీక్షా అక్కర్లేదు, చాదర్‌ఘాట్ వంతెన మీద బస్సు కిటికీ తెరిస్తే చాలు. పరీక్ష కావాల్సింది ఆ తర్వాతి ప్రశ్నలకు: ఏ నాలా నుంచి వస్తోంది, ఏ వేళలో, ఎంత? ఇవి తేలకుండా ఇచ్చిన ఫిర్యాదును ఎవరైనా సులువుగా పక్కన పెట్టేయగలరు. అందుకే కంటికి కనిపించే లక్షణంతో మొదలుపెట్టి మూలం దాకా ఎలా వెళ్ళాలో రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. అనంతగిరి కొండల నుంచి వచ్చే మూసీ నీళ్ళు ఉస్మాన్‌సాగర్‌లో, ఈసీ నీళ్ళు హిమాయత్‌సాగర్‌లో ఆగుతాయి. రెండూ 1908 వరద తర్వాత కట్టిన జలాశయాలు. ఏరులు రెండూ బాపూఘాట్ దగ్గర కలుస్తాయి. గేట్లు మూసి ఉన్న వేసవిలో అక్కడి నుంచి హైదరాబాద్ నగరం గుండా పారేదాంట్లో ఎక్కువ భాగం మనం వాడి వదిలిన నీరే. దాన్ని పలుచన చేయడానికి పై నుంచి మంచినీళ్ళు రావు. కింద చెప్పే ప్రతి అంకెనూ ఇది గుర్తుపెట్టుకునే చదవాలి.

లక్షణం: నడివేసవిలోనూ వాననీటి నాలా పారుతోంది

అన్నిటికన్నా తేలికైన పరీక్ష ఇది, ఖర్చు లేనిది. ఏప్రిల్ ఎండలో వాననీటి నాలాలో నీళ్ళు కనిపిస్తే అవి వాననీళ్ళు కావు. ఏ కాలనీ డ్రైనేజీ లైనో పగిలి ఉండాలి, లేదా ఎవరో నేరుగా నాలాకు కలిపి ఉండాలి. అమోనియా, నైట్రేట్ చూడండి: మురుగులోని అమోనియా పోను పోను నైట్రేట్‌గా మారుతుంది. అమోనియా ఎక్కువగా ఉండి నైట్రేట్ దాదాపు లేకపోతే మురుగు తాజాది, మూలం దగ్గరలోనే ఉంది. నైట్రేట్ పెరిగి అమోనియా తగ్గిందంటే ఆ నీరు చాలా దూరం నుంచి వచ్చి ఉండాలి, లేదా శుద్ధి అయిన నీరో, ఎరువుల నీరో కావాలి.

తర్వాత నాలా వెంట ఎగువకు నడవండి. పక్క కాలువ కలిసే ప్రతి చోటా రెండు శాంపిల్స్ తీయండి: కలయికకు కాస్త ఎగువన ఒకటి, దిగువన నీళ్ళు బాగా కలిసిపోయిన చోట ఒకటి. రెండింటి మధ్య తేడా కనిపించిన చోటే మీ వెతుకులాట. లైను బాగుచేయాల్సింది జలమండలి. మ్యాన్‌హోల్ మూత మాత్రం మీరు ఎత్తకండి. అందులోని విషవాయువు మనిషిని క్షణాల్లో పడగొడుతుంది.

లక్షణం: నల్లటి నీళ్ళు, కుళ్ళిన గుడ్ల వాసన, అడుగు నుంచి బుడగలు

నీటిలో ఆక్సిజన్ అయిపోయిందని అర్థం. 30 డిగ్రీల వేడిలో మంచినీళ్ళు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. చేపలు ఇబ్బంది లేకుండా బతకడానికి కనీసం 4 ఉండాలి. మురుగును తినే బ్యాక్టీరియా ఆ ఆక్సిజనంతా వాడేశాక, గాలి అక్కర్లేని బ్యాక్టీరియా రంగంలోకి దిగి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. అదే ఆ వాసన.

ఇక్కడ బీఓడీ పరీక్ష కావాలి, అంటే మురుగును తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ పడుతుందో చూసే పరీక్ష. మన దేశంలో శాంపిల్‌ను 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి, ఎంత ఆక్సిజన్ ఖర్చయిందో చూస్తారు. స్నానానికి పనికొచ్చే నీటిలో బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. 30 దాటిన నదీ భాగాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మొదటి ప్రాధాన్యంలో పెడుతుంది.

అయితే బీఓడీ ఎంతుందో రాసి ఊరుకుంటే మోసపోతాం. దాంతో పాటు ప్రవాహం కొలవాలి. నాలా 3 మీటర్ల వెడల్పు, సగటున 0.4 మీటర్ల లోతు ఉందనుకుందాం. ఒక నారింజ పండు వేస్తే 10 మీటర్లు 20 సెకన్లలో పోయింది. పైపొర వేగం సెకనుకు అర మీటరు, కిందంతా అంత వేగం ఉండదు కాబట్టి 0.85తో గుణించాలి. సెకనుకు దాదాపు అర ఘనపు మీటరు వస్తుంది, అంటే 44 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు). బీఓడీ 150 ఉంటే 44ను 150తో గుణించండి: రోజుకు 6,600 కిలోల భారం. ఒక ఎంఎల్‌డీ నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే రోజుకు సరిగ్గా ఒక కిలో, లెక్క అంతే.

ఈ లెక్క వేయకపోతే కంపు కొట్టే చిన్న కాలువ మీదే అందరి కళ్ళూ పడతాయి. బీఓడీ 200 ఉన్న 2 ఎంఎల్‌డీ కాలువ మోసేది 400 కిలోలే. బీఓడీ 10 మాత్రమే ఉన్న 150 ఎంఎల్‌డీ ఎస్టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) నీరు 1,500 కిలోలు మోస్తుంది. చిన్న కాలువను వదిలేయమని కాదు, ఏది మూస్తే నది ఎంత కోలుకుంటుందో ముందే తెలియాలి.

ప్రవాహం కొలవడం కుదరకపోతే క్లోరైడ్ సాయపడుతుంది. అది కుళ్ళదు, ఎగిరిపోదు. ఎగువన 100, నాలాలో 300, దిగువన 150 వచ్చిందంటే దిగువ నీటిలో పావు వంతు ఆ నాలాదే.

లక్షణం: కత్వల (నీళ్ళు పొర్లి పడే చిన్న ఆనకట్టల) మీద తెల్లటి నురగ

సబ్బులు, డిటర్జెంట్లు. నీళ్ళు ఎత్తు నుంచి పడి చిలికినప్పుడే నురగ పైకి తేలుతుంది కాబట్టి కనిపించిన చోటే మూలం ఉందనుకోకండి. శాంపిల్ కత్వ కింద కాదు, పైన తీయండి.

లక్షణం: తెల్లారేసరికి చేపలు చచ్చి తేలాయి

చెరువుల్లో ఎక్కువగా చూస్తాం. ఎవరో విషం కలిపారని గొడవ మొదలవుతుంది. చాలాసార్లు అసలు కారణం పచ్చటి నాచు: పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా తనే పీల్చుకుంటుంది. అందుకే ఆక్సిజన్ సూర్యోదయానికి ముందు బాగా పడిపోతుంది. మధ్యాహ్నం పన్నెండుకు కొలిచి బాగానే ఉందని రాసిన రిపోర్టు ఇక్కడ దేనికీ పనికిరాదు, తెల్లవారుజామునే కొలవాలి. పీహెచ్ కూడా చూడండి. పీహెచ్ 7 దగ్గర అమోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం లోపే, 9 దగ్గర మూడో వంతు దాటుతుంది. ఆక్సిజన్, పీహెచ్ రెండూ సరిగ్గా ఉండి కూడా చేపలు చస్తేనే రసాయనాల మీద అనుమానం పెట్టుకోవాలి.

లక్షణం: రాత్రిపూట వాసన మారుతోంది, రంగు వస్తోంది

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. మూసీ నీళ్ళతో పశుగ్రాసం పెంచే ఒక రైతు చెప్పాడు: "సార్, పగటిపూట వస్తే మీకేం దొరకదు. నడిరాత్రి దాటినంక రండి, వాసనే వేరుంటది." నాలా పక్కన బతికేవాళ్ళ మాట ముందు వినండి, మీటరు ఆ తర్వాత.

విద్యుత్ వాహకత కొలిచే మీటరుతో గంటగంటకూ రీడింగ్ తీయండి, నీటిలో లవణాలు పెరిగితే ఆ అంకె పెరుగుతుంది. ఇళ్ళ మురుగులో అది పొద్దున, సాయంత్రం మెల్లగా మారుతుంది. అర్ధరాత్రి ఒక్కసారిగా రెట్టింపై గంటలో తగ్గిపోతే ఎవరో ట్యాంకర్‌తో పరిశ్రమల వ్యర్థాలు తెచ్చి పోస్తున్నారన్న అనుమానం బలపడుతుంది. వెంటనే శాంపిల్ తీసి సీఓడీ (బ్యాక్టీరియాతో కాకుండా రసాయనంతో వ్యర్థాలను ఆక్సీకరిస్తే పట్టే ఆక్సిజన్), బీఓడీ రెండూ చేయించండి. ఇళ్ళ మురుగులో సీఓడీ సాధారణంగా బీఓడీకి రెండింతలు. నాలుగైదింతలు ఉంటే బ్యాక్టీరియా తినలేని రసాయనాలున్నట్టు.

మ్యాపులో వాగుల గీతలు మాత్రమే చూస్తే ఇక్కడ దారి తప్పుతాం. పటాన్‌చెరు నక్కవాగు మంజీరాలో, అంటే గోదావరి వైపు కలుస్తుంది. కానీ అక్కడి పరిశ్రమల శుద్ధిచేసిన వ్యర్థజలాల కోసం మూసీ పక్కనున్న అంబర్‌పేట వైపు 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేశారు. అందుకని వాగుల మ్యాపుతో పాటు పైపుల మ్యాపు కూడా సంపాదించాలి.

లక్షణం: రిపోర్టు బాగుంది, నది బాగాలేదు

జలాశయాల గేట్లు ఎత్తిన వారంలో తీశారేమో చూడండి. నీళ్ళు పెరిగి అంకె తగ్గుతుంది, కిలోల భారం అలాగే ఉంటుంది. శాంపిల్స్ మధ్య సమయమూ చూడండి: సెకనుకు అర మీటరు వేగంతో 5 కిలోమీటర్లు పోవడానికి రెండున్నర గంటలు దాటుతుంది. ఎగువన, దిగువన ఒకే నిమిషంలో తీస్తే అవి రెండూ వేర్వేరు నీళ్ళు. సీసా నింపేటప్పుడు బుడగలు దూరినా, ఐసు పెట్టకుండా ఎండలో మోసుకెళ్ళినా అంకెలు మారిపోతాయి. లోహాల పరీక్షకు నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 కన్నా కిందికి తేవాలి, ఆ పని ల్యాబు వాళ్ళకే వదలండి.

మూలం దొరికాక

మీరు తీసిన శాంపిల్ కోర్టులో సాక్ష్యంగా నిలబడదు. 1974 నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారి నోటీసిచ్చి, శాంపిల్‌ను రెండు భాగాలు చేసి, సీలు వేసి తీసిందే చెల్లుతుంది. మీ లెక్క ఆ అధికారిని సరైన చోటికి, సరైన వేళకు రప్పించడానికి. అందుకే ఫిర్యాదులో "మూసీ కలుషితం" అని రాయకండి. నాలా పేరు, మ్యాపు పాయింటు, తేదీ, గంట, ఎగువ అంకె, దిగువ అంకె, కిలోల లెక్క రాయండి. లైను బాగుచేశామని జవాబు వచ్చిన రోజున అవే పాయింట్లలో, అదే గంటకు, వాన లేని రోజు చూసి మళ్ళీ కొలిచి ఆ అంకెలను కూడా అదే ఫిర్యాదు నంబరుకు జతచేయండి.