ఉన్నది ఒక ఊళ్లో, ఐపీ చూపించేది ఇంకో ఊరు: సమస్య - పరిష్కారం

పాత ల్యాండ్‌లైన్లు మనకు ఒక అలవాటు చేసి పోయాయి. నంబరు ముందు 0866 ఉంటే విజయవాడ, 0891 ఉంటే విశాఖపట్నం. ఐపీ అడ్రస్‌ను, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరును కూడా చాలామంది అలాగే చదవబోతారు. అది ఎస్‌టీడీ కోడ్ కాదు, ఏపీ 39 నంబరు ప్లేటు లాంటిది. బండి ఆంధ్రప్రదేశ్‌దని తెలుస్తుంది. శ్రీకాకుళందో చిత్తూరుదో ప్లేటు చూసి చెప్పలేం.

చిన్న పట్టణంలో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు చూసుకునే పని నాది. "ఇంట్లో కూర్చుంటే వేరే ఊరు చూపిస్తోంది" అనే ఫోను రాని వారం ఉండదు.

అన్నిటికంటే ముందు

ఆ ఊరి పేరు అసలు ఐపీ నుంచే వచ్చిందా అని చూడండి. గూగుల్‌లో ఏదో ఒకటి వెతికి, ఫలితాల పేజీ అట్టడుగుకు వెళ్లండి. అక్కడ ఒక ఊరి పేరు ఉంటుంది. దాని పక్కనే ఆ ఊరు ఎలా తెలిసిందో కూడా రాసి ఉంటుంది: మీ ఫోను లేదా కంప్యూటర్ చెప్పిందా, మీరు ఇదివరకు వెతికినవాటిని బట్టి ఊహించిందా, ఐపీ అడ్రస్‌ను బట్టి చెప్పిందా అని. అర నిమిషం పని. ఇది చేయకుండా రూటర్ వెనక రీసెట్ రంధ్రంలో పిన్నీసు గుచ్చేవాళ్లే ఎక్కువ. దానితో లోపల ఉన్న యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోతాయి. ఊరు మారదు, ఉన్న నెట్ పోతుంది, అప్పుడు నాకు ఫోను వస్తుంది.

అక్కడ ఐపీ అని లేకపోతే ఈ వ్యాసంతో మీకు పని లేదు, లొకేషన్ అనుమతులు సరిచూసుకోండి. ఇల్లు మారినప్పుడు రూటర్‌ను కూడా వెంట తెచ్చుకున్నారా? ల్యాప్‌టాప్‌లో సాధారణంగా జీపీఎస్ ఉండదు, చుట్టుపక్కల వై-ఫైలను బట్టి తానెక్కడుందో లెక్క వేసుకుంటుంది. ఆ రూటర్ గుంటూరుదని ఎక్కడో రాసిపెట్టి ఉంటే, మీరు హైదరాబాద్ వచ్చినా కొన్నాళ్లు గుంటూరే అంటుంది. దానంతట అదే సర్దుకుంటుంది.

లక్షణం: ఎప్పుడూ ఒకే పెద్ద నగరం చూపిస్తోంది

ఐపీ అడ్రస్‌లు ఊళ్లవారీగా పంచినవి కావు. మన ప్రాంతానికి ఏపీనిక్, దాని కింద మన దేశానికి ఐఆర్ఐఎన్ఎన్ అనే సంస్థలు ప్రొవైడర్లకు, అంటే నెట్ ఇచ్చే కంపెనీలకు, వాటిని గంపగుత్తగా ఇస్తాయి. రిజిస్టర్‌లో ఉండేది ఆ కంపెనీ ఆఫీసు చిరునామా. మీది కాదు. ఆ పైన మ్యాక్స్‌మైండ్, ఐపీ2లొకేషన్ వంటి సంస్థలు రకరకాల ఆధారాలతో ఊరిని ఊహించి పట్టికలు తయారుచేస్తాయి. సైట్లు చూసేది ఆ పట్టికలనే. దేశం దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. ఊరు చాలాసార్లు తప్పుతుంది. వీధి, ఇల్లు అనేవి ఆ పట్టికలో ఉండవు.

మ్యాపు మీద గుచ్చిన సూదిని నమ్మేవాళ్లకు నేను కాన్సాస్ సంగతి చెబుతుంటాను. అమెరికాలోనే ఉందని తెలిసి, ఊరు తెలియని అడ్రస్‌లన్నిటికీ మ్యాక్స్‌మైండ్ దేశం నడిమధ్య ఒక బిందువు ఇచ్చింది. ఆ బిందువు వెళ్లి కాన్సాస్ రాష్ట్రంలో ఒక పొలంలోని ఇంటి మీద పడింది. 60 కోట్లకు పైగా అడ్రస్‌లు ఆ ఒక్క ఇంటివైపే వేలు చూపించాయి. దొంగ కోసం, తప్పిపోయిన మనిషి కోసం, పోయిన ఫోను కోసం పోలీసులూ జనమూ ఏళ్ల తరబడి ఆ తలుపు తట్టారు. 2016లో విషయం బయటపడ్డాక ఆ బిందువును తీసుకెళ్లి ఒక జలాశయంలో పెట్టారు.

మొబైల్ డేటా అయితే ఇంకా దూరం. రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. ఇచ్ఛాపురంలో వాడే ఫోను హైదరాబాద్‌లో ఉన్నట్టు కనిపిస్తే అందులో వింత లేదు.

పరిష్కారం: వాతావరణం, డెలివరీ వంటి సైట్లకు లొకేషన్ అనుమతి ఇవ్వండి, లేదా పిన్ కోడ్ చేత్తో కొట్టండి. దేశమే తప్పు చూపిస్తుంటే మాత్రం ప్రొవైడర్‌కు చెప్పాలి. ఏ అడ్రస్‌లు ఏ ఊళ్లో వాడుతున్నారో ప్రొవైడర్లే ప్రకటించడానికి 2020లో వచ్చిన జియోఫీడ్ అనే పద్ధతి ఉంది. పట్టికల సంస్థల దగ్గర సవరణ ఫారాలూ ఉంటాయి. నింపిన మర్నాడే మారుతుందని మాత్రం ఆశించవద్దు.

లక్షణం: "మీ ఖాతాలోకి చెన్నై నుంచి లాగిన్ జరిగింది"

నన్ను బాగా ఏడిపించింది ఇదే.

మా కనెక్షన్ వాడే ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారికి షేర్ల యాప్ ఒకటి ఉంది. తెరిచిన ప్రతిసారీ "లాగిన్ జరిగింది" అని మెయిల్ పంపుతుంది. అందులో సమయం, ఐపీ, ఊరు ఉంటాయి. రోజూ విజయవాడ అని వచ్చేది, ఆయన అలవాటు పడ్డారు. ఒక రోజు చెన్నై అని వచ్చింది. సమయం 13:42. "మధ్యాహ్నం ఒంటిగంటా నలభైరెండు అంటే నేను భోజనం చేసి పడుకునే వేళ బాబూ, ఫోను ముట్టుకోను కూడా" అన్నారు. నేనూ దొంగ పడ్డాడనే అనుకున్నాను. పాస్‌వర్డ్ మార్పించాను. అన్ని చోట్లా లాగౌట్ చేయించాను. రెండు రోజులకు మళ్లీ చెన్నై. ఫోను మొత్తం తుడిచి మళ్లీ మొదటినుంచి పెట్టాను. నాలుగో రోజు మళ్లీ చెన్నై.

చివరికి ఆ మెయిల్‌ను అడుగు దాకా చదివితే, సమయం పక్కన చిన్న అక్షరాల్లో యూటీసీ అని ఉంది. అది ప్రపంచమంతటికీ ఉమ్మడిగా వాడే సమయం. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు. 13:42కు అది కలిపితే సాయంత్రం 7:12. ఆ వేళకు ఎక్కడుంటారని అడిగాను. డాబా మీద మొక్కలకు నీళ్లు పోస్తూ, మార్కెట్ ఎంతకు ముగిసిందో యాప్‌లో చూసుకుంటారట. డాబా మీదికి ఇంట్లో వై-ఫై అందదు. ఫోను చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది. ఆ చెన్నై దొంగ ఆయనే.

మరి హైదరాబాద్ అని రాకుండా చెన్నై ఎందుకు? ఆయన ఫోనులోనే, అదే మొబైల్ డేటా మీద, ఐపీని చూపించే సైట్లు రెండు పక్కపక్కన తెరిచాను. ఒకటి కోలన్లతో పొడవైన అడ్రస్ చూపించి హైదరాబాద్ అంది. ఇంకొకటి చుక్కలతో చిన్న అడ్రస్ చూపించి చెన్నై అంది. ఒకే ఫోను, ఒకే నిమిషం, రెండు ఊళ్లు. పొడవైనది ఐపీవీ6, చిన్నది ఐపీవీ4. చిన్నవి మొత్తం కలిపి సుమారు 430 కోట్లే. వాటి ఉమ్మడి నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. అందుకని కంపెనీలు ఒక అడ్రస్‌ను ఎంతోమందికి కలిపి వాడిస్తాయి. అపార్ట్‌మెంట్ అంతటికీ వీధి వైపు ఒకే డోర్ నంబరు ఉండి, ఏ ఫ్లాటు ఎవరిదో వాచ్‌మన్‌కు మాత్రమే తెలిసినట్టు. ఆ వాచ్‌మన్ పేరు సీజీన్యాట్. ఆయన ఫోనుకు ఆ వాచ్‌మన్ చెన్నైలో కూర్చున్నట్టు లెక్క. ఆ యాప్ ఐపీవీ4 మీదే నడిచేది.

మీ ఇంటి కనెక్షన్ కూడా ఇలాంటిదేనా అని చూడాలంటే రూటర్ పేజీలో వాన్ (WAN) ఐపీ, అంటే రూటర్‌కు బయటి వైపు ఉన్న నంబరు, చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు గానీ, 10తో గానీ మొదలై, బయటి సైటు వేరే అడ్రస్ చూపిస్తుంటే, మీరు వాచ్‌మన్ వెనక ఉన్నారు. 192.168తో మొదలయ్యేది మీ ఇంటి లోపలి నంబరు. దాన్ని ఫొటో తీసి పంపి "ఇది ఎక్కడిది సార్" అని అడగవద్దు, అది అందరి ఇళ్లలోనూ ఉంటుంది.

కాబట్టి ఇలాంటి మెయిల్ వస్తే ఊరి పేరును చివర చదవండి. మొదట సమయం: యూటీసీనా, మన సమయమా తేల్చుకుని, ఆ నిమిషంలో మీరేం చేస్తున్నారో గుర్తు తెచ్చుకోండి. తర్వాత ఏ ఫోను, ఏ బ్రౌజర్ అని రాసి ఉందో చూడండి. ఆ తర్వాత వై-ఫై ఆపి, మొబైల్ డేటా మీద అదే యాప్ తెరిచి, కొత్త మెయిల్‌లో అదే ఊరు వస్తుందేమో చూడండి. వస్తే దొంగ మీరే. సమయం గానీ ఫోను గానీ మీది కాదని తేలితే, అప్పుడు ఊరు మీదే అయినా సరే, వెంటనే పాస్‌వర్డ్ మార్చి అన్ని చోట్లా లాగౌట్ చేయండి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

లక్షణం: అమెరికా వెళ్లిన అమ్మానాన్నలు ఇండియాలో ఉన్నట్టు కనిపిస్తున్నారు

ఇండియా సిమ్‌ను రోమింగ్‌లో వాడుతున్నారు. డల్లాస్‌లో కూర్చుని తెరిచిన పేజీ కూడా సాధారణంగా ఇండియాలోని కంపెనీ గేటు గుండానే బయటికి వస్తుంది. అబ్బాయి ఇంటి వై-ఫైకి మారితే అమెరికా అయిపోతుంది.

లక్షణం: "నీ ఐపీ నా దగ్గరుంది, ఇంటికి వస్తా" అని ఎవరో బెదిరిస్తున్నారు

ఐపీ ఒక్కటి పట్టుకుని రాలేరు. ఏ అడ్రస్ ఎప్పుడు ఎవరు వాడారో రాసుండే వాచ్‌మన్ పుస్తకం ప్రొవైడర్ దగ్గర ఉంటుంది, అడిగే అధికారం పోలీసుల వంటి సంస్థలకే ఉంటుంది. సీజీన్యాట్ ఉన్నచోట పోలీసులకు కూడా ఐపీ ఒక్కటే చాలదు, కచ్చితమైన సమయం, పోర్ట్ నంబరు (ఒకే అడ్రస్ వాడేవాళ్లను వేరు చేయడానికి వాచ్‌మన్ ఇచ్చే నంబరు) కావాలి. బెదిరించినవాడి మీద ఫిర్యాదు చేసేటప్పుడు తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. సమయం కత్తిరించేసిన ఫొటోతో ఎవరూ ఏమీ చేయలేరు.

మిగతావి

ఆఫీసు ల్యాప్‌టాప్ సింగపూర్ అంటే అది ఆఫీసు వీపీఎన్ (మీ నెట్‌ను వేరే చోటు గుండా బయటికి పంపేది), వదిలేయండి. సొంత ఫోను నెదర్లాండ్స్ అంటే ఎప్పుడో వేసుకున్న ఉచిత వీపీఎన్ యాప్ ఇంకా నడుస్తోంది, తీసేయండి. ఐఫోను అయితే ఐపీని దాచే ప్రైవేట్ రిలే ఆన్‌లో ఉందేమో చూడండి. ప్రొవైడర్ ఈ మధ్యే వేరే దేశం నుంచి అడ్రస్‌లు కొని ఉంటే పట్టికలు మారేదాకా పాత దేశమే వస్తుంది. అది నేను ఇన్నేళ్లలో ఒక్కసారే చూశాను.